మోర్డ్‌హౌలో కత్తియుద్ధం: మొదటి పారీ నుంచి ముగ్గురిని ఒక్కరే ఎదుర్కొనే దాకా

మోర్డ్‌హౌ అనే ఆన్‌లైన్ కత్తియుద్ధం ఆటలో కొత్తగా అడుగుపెట్టిన దాదాపు ప్రతివాళ్ళూ ఒకే తప్పు చేస్తారు. ఎదుటివాడి కత్తి కదలగానే కంగారుపడి మౌస్ కుడి బటన్ నొక్కేస్తారు. పారీ, అంటే వచ్చే కత్తిని అడ్డుకునే కదలిక, ముందే లేచి ముందే దిగిపోతుంది, ఆ తర్వాత కత్తి తీరిగ్గా వచ్చి మెడ మీద పడుతుంది. రెండు గంటలు ఇలా చచ్చాక "వీళ్ళంతా చీటింగ్" అనో "నా చేతులు స్లో" అనో అనుకుని ఆట తీసేస్తారు. నేనూ మొదటి వారం అదే అనుకున్నాను. ఈ ఆటలో గెలిచేవాళ్ళంతా మెరుపు చేతులవాళ్ళేమీ కాదు, ఆఖరి క్షణం దాకా బటన్ నొక్కకుండా ఆగగలిగేవాళ్ళు. ఆ ఆగడం ఎలా వస్తుందో, ఏది ముందు ఏది తర్వాత నేర్చుకోవాలో నాకు తెలిసినంతా ఇక్కడ రాస్తున్నాను.

ఆట గురించి రెండు ముక్కలు. స్లొవేనియాకి చెందిన ట్రైటర్నియన్ అనే చిన్న స్టూడియో 2017లో కిక్‌స్టార్టర్ ద్వారా డబ్బు సమకూర్చుకుని తయారుచేసి, 2019 ఏప్రిల్ 29న విడుదల చేసింది. దీనికి ముందు ఇదే బాటలో 2010లో మౌంట్ అండ్ బ్లేడ్: వార్‌బ్యాండ్, 2012లో షివల్రీ: మీడీవల్ వార్‌ఫేర్ వచ్చాయి. వార్‌బ్యాండ్‌లో వేటు ఎటునుంచి వస్తోందో చూసి అదే దిక్కున కాచుకోవాలి, నాలుగు దిక్కులు. 2017లో వచ్చిన ఫర్ ఆనర్‌లో మూడు. మోర్డ్‌హౌలో దిక్కు ఎంచుకునే పని లేదు, వచ్చే కత్తి వైపు చూస్తూ సరైన క్షణంలో నొక్కితే చాలు. వినడానికి ఇదే తేలిక. అయితే దిక్కు తెలుసుకునే పని తగ్గినందుకు బదులుగా, ఆ "సరైన క్షణం" ఎప్పుడన్నది ఎదుటివాడి చేతిలో పెట్టారు. ఆట లోతంతా అక్కడే ఉంది.

మోర్డ్‌హౌ అనేది జర్మన్ మాట. కత్తిని తిరగేసి, పదును ఉన్న భాగాన్నే రెండు చేతులతో పట్టుకుని, పిడితో సుత్తిలా కొట్టే దెబ్బని అలా అంటారు. నిండా ఇనుప కవచం తొడుక్కున్నవాడిని కత్తి అంచు కోయలేదు కాబట్టి పుట్టిన పద్ధతి అది. పాత జర్మన్ కత్తిసాము గ్రంథాల్లో దీని బొమ్మలు కూడా ఉన్నాయి. ఆటలో లాంగ్‌సోర్డ్ పట్టుకుని గ్రిప్ మార్చే కీ నొక్కితే మన బొమ్మ కత్తిని అలాగే తిరగేసి పట్టుకుంటుంది.

ముందు సర్దుకోవాల్సినవి

సర్వర్ లిస్టులో పింగ్ (మన కంప్యూటర్‌కీ సర్వర్‌కీ మధ్య ఆలస్యం, మిల్లీసెకన్లలో) తక్కువ ఉన్నవాటిని పైకి తెచ్చుకుని అందులోనే ఆడండి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. అమెరికాలో ఉన్న మా బావ నన్ను ఈ ఆటలోకి లాగాడు, తన దగ్గరి సర్వర్‌లోకే రమ్మనేవాడు. పింగ్ 250 దాటేది. అక్కడ నేను నేర్చుకున్నవన్నీ చెడ్డ అలవాట్లే, ఎందుకంటే అంత పింగ్‌తో కత్తిని చూసి కాచుకోవడం కుదరదు, ముందే ఊహించి నొక్కాలి. ఆ ఊహించే అలవాటు వదిలించుకోవడానికి నాకు నెల పట్టింది. చుట్టాలతో, ఫ్రెండ్స్‌తో సరదాగా ఆడుకోండి, కానీ నేర్చుకునేది మాత్రం దగ్గరి సర్వర్‌లో.

మౌస్ సెన్సిటివిటీ మరీ ఎక్కువ పెట్టుకోవద్దు. వేటు గాలిలో ఉన్నప్పుడు మీరు ఎంత వేగంగా తిరగొచ్చు అన్నదానికి ఆటలోనే ఒక హద్దు ఉంది. కాబట్టి సర్రున తిరిగిపోయే మౌస్ వల్ల లాభం లేదు, కత్తిని చక్కగా నడిపించగలిగే మౌస్ కావాలి. వేటు ఏ కోణంలో వేయాలో మామూలుగా మౌస్ కదలికే నిర్ణయిస్తుంది, కావాలంటే ఒక్కో కోణానికి ఒక్కో కీ కూడా పెట్టుకోవచ్చు. నాకు మౌస్ కదలికే నచ్చింది. రెండిట్లో ఏదైనా పర్లేదు, వారానికొకసారి మార్చకుండా ఉంటే చాలు.

ఆయుధాల్లో మొదట లాంగ్‌సోర్డ్ తీసుకోండి. మెస్సర్ దెబ్బ బలమైనదే, రేపియర్ పోటు దూరం వెళ్తుంది, జ్వైహ్యాండర్ చూడ్డానికే గంభీరంగా ఉంటుంది, కానీ ఒక్కోదానికీ ఒక్కో లోటు ఉంది, ఆ లోటు దాచుకోవడమే పెద్ద పని అవుతుంది. లాంగ్‌సోర్డ్‌తో వేటు, పోటు రెండూ బాగా కుదురుతాయి. కవచం, ఆయుధాలు, ప్రత్యేక గుణాలు అన్నీ కలిపి 16 పాయింట్లలో సర్దుకోవాలి. తలకి, ఒంటికి, కాళ్ళకి కవచం విడివిడిగా ఎంచుకోవచ్చు. బరువైన కవచం వేసుకుంటే నడక తగ్గుతుంది. నా సలహా, తలకి మంచిది పెట్టి కాళ్ళ దగ్గర తగ్గించుకోండి, ఎందుకంటే కొత్తల్లో మనకి పడే దెబ్బలు ఎక్కువగా తలమీదే.

మొదటి మెట్టు: ఎడం

పారీ కంటే ముందు నేర్చుకోవాల్సింది ఎడం పాటించడం. ఎదుటివాడి కత్తి మొన మీకు జానెడు దూరంలో ఆగిపోయే చోటు ఒకటుంది. ఆ గీత దగ్గర లోపలికీ బయటికీ ఆడుతూ ఉండాలి. కబడ్డీ చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. రైడర్ బోనస్ లైను దగ్గర కాలు పెట్టినట్టే పెట్టి వెనక్కి లాగుతూ డిఫెండర్ ముందుకి వచ్చేదాకా ఊరిస్తాడు చూడండి, సరిగ్గా అదే. వాడి వేటు గాలిలో పోయిందంటే వాడి స్టామినా (దమ్ము) కూడా కొంత పోయింది, మీరు లోపలికి రావడానికి దారీ దొరికింది.

ఖాళీ మ్యాప్‌లో ఒక బాట్‌ని (కంప్యూటరే ఆడించే బొమ్మని) పెట్టుకుని పావుగంట సేపు ఒక్క వేటు కూడా వేయకుండా, పారీ కూడా చేయకుండా, నడకతోనే తప్పించుకోండి. వెనక్కి, పక్కకి, కూర్చుని. అడ్డంగా ఎత్తులో వచ్చే వేటు కిందనుంచి వంగి తప్పించుకోవడం ఈ ఆటలో నిజంగా పనిచేస్తుంది, కత్తి ఒంటికి తగిలితేనే దెబ్బ.

రెండో మెట్టు: పారీ, వెంటనే ఎదురువేటు

ప్రతి వేటుకీ రెండు భాగాలు. కత్తిని వెనక్కి ఎత్తడం ఒకటి, వదలడం ఒకటి. ఎత్తినంతసేపూ కత్తి ఎవరికీ హాని చేయదు. వదిలాక మాత్రమే తెగుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, ఎత్తినప్పుడు మాత్రమే వాడు ఆ వేటుని రద్దు చేసుకోగలడు. ఒకసారి వదిలాడా, ఇక వెనక్కి తీసుకోలేడు. ఈ ఒక్క వాక్యం బుర్రకెక్కితే సగం ఆట వచ్చినట్టే. అంటే కత్తి లేవగానే నొక్కేవాడిని ఏ బూటకపు వేటైనా మోసం చేస్తుంది. వదిలాక చూసి నొక్కేవాడి దగ్గర ఆ బూటకం పారదు.

కాబట్టి కళ్ళు ఎక్కడ ఉండాలి? వాడి హెల్మెట్ మీద కాదు, కాళ్ళ మీద కాదు. కత్తి పట్టుకున్న చేతుల మీద, అక్కణ్ణుంచి కత్తి మీద. మొదట్లో బావ హెడ్‌సెట్‌లో ఒకటే పోరు, "ఒరేయ్, వాడి మొహం చూడకురా, పిడి చూడు, పిడి". మోచేతులు ముందుకి రావడం మొదలైన క్షణమే వదిలినట్టు. అది కనిపించగానే కత్తి వైపు తిరిగి పారీ చేయండి. తిరగడం మర్చిపోవద్దు, మీరు చూస్తున్న వైపే పారీ పనిచేస్తుంది. పక్కనుంచో కాళ్ళ దగ్గరినుంచో వచ్చే కత్తి మీద చూపు లేకపోతే, టైమింగ్ సరిగ్గా ఉన్నా తెగిపోతారు.

పారీ కుదరగానే ఆలోచించకుండా ఎడమ బటన్ నొక్కండి. అదే రిపోస్ట్, ఎదురువేటు. పారీ, రిపోస్ట్ రెండూ ఒకే పనిలా, ఊపిరి పీల్చి వదిలినట్టు అలవాటు కావాలి. కాచుకుని ఊరుకున్నారంటే ఎదుటివాడికి ఇంకో అవకాశం ఉచితంగా ఇచ్చినట్టే. పైగా ఎదురువేటు మొదలైన కొద్ది క్షణాలు మీరు చూస్తున్న వైపునుంచి వచ్చే ఇంకో దెబ్బని కూడా అది అడ్డుకుంటుంది. ఇద్దరి మధ్య ఇరుక్కున్నప్పుడు ఈ చిన్న వరమే ప్రాణం కాపాడుతుంది.

ఇక్కడే ఒక నియమం పెట్టుకోండి. మీ వేటుని వాడు కాచుకున్నాడంటే తర్వాతి వంతు వాడిది. మీకు దెబ్బ తగిలినా తర్వాతి వంతు వాడిదే. ఆ వంతులో మీరు వేటు వేయబోతే అది జూదం. దెబ్బ పడగానే ఉక్రోషంతో తిరిగి కొట్టబోయి రెండో దెబ్బ తిని పడిపోవడం, కొత్తవాళ్ళు ఎక్కువగా చచ్చేది ఇలాగే. దెబ్బ తగిలిందా, ముందు కాచుకోండి. కోపం తర్వాత.

మూడో మెట్టు: స్టామినా లెక్క

తెర కింద ఉన్న స్టామినా బారుని పట్టించుకోకుండా నెలలు ఆడేవాళ్ళున్నారు. ద్వంద్వంలో సగం గెలుపు అక్కడే తేలుతుంది. ఎదుటివాడి వేటు కాచుకుంటే మీ స్టామినా తగ్గుతుంది. గాలిలో వేటు వేస్తే తగ్గుతుంది, వేటు రద్దు చేసుకుంటే తగ్గుతుంది. దెబ్బ తగిలిస్తే తిరిగి వస్తుంది, చంపితే ఇంకా వస్తుంది. స్టామినా అయిపోయాక కూడా పారీ చేశారో, కత్తి చేతిలోంచి ఎగిరి పడుతుంది. ఆ తర్వాత వట్టి పిడికిళ్ళతోనో, నడుముకున్న చిన్న కత్తితోనో బతకాలి.

అందుకే బారు మూడో వంతుకి పడిందంటే ఒకటే పని, దూరం జరగండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు, నాలుగడుగులు వెనక్కి వేసి ఊపిరి పీల్చుకోండి. అలాగే ఎదుటివాడు ఉన్నట్టుండి వెనక్కి తగ్గుతున్నాడంటే వాడి బారు ఖాళీ అయింది. వదలకుండా మీద పడండి. పెద్ద విన్యాసాలు అక్కర్లేదు, మామూలు వేట్లు చాలు, కాచుకునేకొద్దీ వాడే నిరాయుధుడవుతాడు.

నాలుగో మెట్టు: సాగదీయడం, ముందుకు తేవడం

ఇప్పుడు అసలు సంగతి. వదిలిన వేటుని వెనక్కి తీసుకోలేరు, నిజమే. కానీ అది ఎప్పుడు తగలాలో మార్చొచ్చు. వేటు వదిలాక నడుముని కత్తికి ఎదురు వైపు తిప్పితే కత్తి చాలా ఆలస్యంగా చేరుతుంది, దీన్ని డ్రాగ్ అంటారు. కత్తి వెళ్ళే వైపే ఒళ్ళు తిప్పితే అనుకున్నదానికంటే ముందే తగులుతుంది, ఇది యాక్సెల్. ఒకే కుడి వేటు, ఒకసారి అరచెయ్యి చరిచినంత తొందరగా, ఇంకోసారి ఎప్పుడొస్తుందా అన్నంత నిదానంగా.

తొందరపడి పారీ చేసేవాడికి డ్రాగ్, ఆలస్యం చేసేవాడికి యాక్సెల్. ఎదుటివాడు ఏ రకమో మొదటి రెండు వేట్లలో తేల్చుకోండి. నా పద్ధతి చెప్తాను. మొదటి వేటు ఏ మెలికా లేకుండా మామూలుగా వేస్తాను, తగలాలని కాదు, వాడి పారీ ఎప్పుడు లేస్తుందో చూడ్డానికి. కత్తి సగం దారిలో ఉండగానే లేచిందా, రెండోది సాగదీస్తాను.

నేర్చుకునేటప్పుడు బాట్ ముందు నిలబడి ఒకే కోణంలో, కుడి పైనుంచి దిగే వేటుని, 20 సార్లు సాగదీయండి, 20 సార్లు ముందుకు తెండి. కత్తిలో ఏ భాగం తగులుతోందో చూడండి. అన్ని కోణాలూ ఒకేరోజు మొదలుపెట్టొద్దు. ఒక్క కోణం చేతికి పట్టాక మిగతావి వాటంతట అవే వస్తాయి. ఇంకోటి, డ్రాగ్ చేయబోయి ఒళ్ళు మరీ తిప్పేస్తే వీపు కనబడుతుంది, అప్పుడు పారీకి తిరిగి రాలేరు. వీపు తిప్పి గిరగిరా తిరిగే విన్యాసాలు వీడియోల్లో బావుంటాయి కానీ, మంచి ఆటగాడి ముందు అవి ఎదురు పోటుకి ఆహ్వానాలే.

ఎదుటివాడు డ్రాగ్ వేస్తుంటే విరుగుడు ఒకటే. వాడి నడుము, మోచేతులు ఎటు తిరుగుతున్నా మీ చూపు కత్తి మొన మీదే ఉండాలి, మొన మీ వైపు మళ్ళేదాకా ఆగండి. మాటల్లో తేలికే. ఆ అర సెకను గుండె గొంతులోకి వస్తుంది. అయినా ఆగండి.

ఐదో మెట్టు: బూటకం, మార్పు, తన్ను

వేటు ఎత్తి రద్దు చేసుకోవడం ఫెయింట్, మామూలుగా క్యూ కీ. వేటుగా ఎత్తి పోటుగా మార్చడం, లేదా పోటుని వేటుగా మార్చడం మార్ఫ్. రెండూ స్టామినా తింటాయి కాబట్టి అస్తమానం వాడకండి. డ్రాగులకి అలవాటుపడి ఎదుటివాడు టెన్షన్‌లో ముందే నొక్కడం మొదలుపెట్టాడనుకోండి, అప్పుడు ఒక్క ఫెయింట్ వేస్తే పారీ ఖాళీగా లేచి దిగుతుంది, ఆ సందులో నిజం వేటు దింపొచ్చు. ఫెయింట్ ఎదుటివాడి కంగారు మీద పనిచేస్తుంది, కంగారు లేనివాడి మీద వేసినవన్నీ మీ స్టామినా నష్టమే.

ఛాంబర్ గురించి కూడా చెప్పాలి. వాడి వేటు తగలబోయే క్షణంలో మీరూ దానికి అద్దంలో బొమ్మలా అదే కోణంలో వేటు మొదలుపెడితే రెండు కత్తులు ఢీకొని వాడిది ఆగిపోతుంది, మీది సాగుతుంది. పోటుకైతే పోటే. కొత్తల్లో దీని జోలికి వెళ్ళకండి. పారీ రాకుండా ఛాంబర్ నేర్చుకోవడం ఈత రాకుండా బావిలో దూకడం లాంటిది. పైగా వాడు మార్ఫ్ చేశాడంటే మీ ఛాంబర్ వృథా. 100 గంటలు ఆడాక పోటుని పోటుతో ఆపడం దగ్గర మొదలుపెట్టండి, అదే అన్నిటికంటే తేలిక.

తన్ను ఎఫ్ కీ. పారీతో తన్నుని ఆపలేరు. డాలు అడ్డం పెట్టుకుని గోడలా నిలబడేవాడికి మందు ఇదే. డాలు పట్టినవాళ్ళు కదలకుండా కాచుకోగలరు కాబట్టి కత్తితో ఎంత బాదినా కోపం తప్ప ఏమీ మిగలదు. దగ్గరికి జరిగి తన్నండి, తర్వాత వేటు.

డ్యుయల్ సర్వర్‌లో

పెద్ద యుద్ధంలో ఎవరు ఎందుకు చచ్చారో తెలియదు, కాబట్టి నేర్చుకోవడానికి ఒకరితో ఒకరు తలపడే డ్యుయల్ సర్వర్లే సరైన చోటు. అక్కడ మర్యాదలున్నాయి. ఎవరితో తలపడాలనుకుంటే వాళ్ళ ఎదుట నిలబడి కత్తి ఆడించి చూపిస్తారు, అవతలివాళ్ళూ ఆడించారంటే ఒప్పుకున్నట్టు. వేరేవాళ్ళ ద్వంద్వం మధ్యలోకి వెళ్ళకండి, పక్కనే ఉన్నా వేటు వేయకండి. ఓడిపోయాక "ఎక్కడ పొరపాటు చేశాను" అని చాట్‌లో అడగండి. చాలామంది ఓపిగ్గా చెప్తారు. నాకు డ్రాగ్ చదవడం నేర్పింది ముక్కూమొహం తెలియని ఒక ఆటగాడు. అరగంట సేపు ఒకే వేటు నా మీద వేస్తూ, నేను కాచుకునేదాకా వదల్లేదు.

ఆ అరగంటలోనే ఒక సంగతి గమనించాను. నేను కాచుకోలేకపోయిన ప్రతిసారీ, కత్తి లేవకముందే నా కుడిచెయ్యి మౌస్‌ని పిండేస్తోంది. చూపుడు వేలు తెల్లబడిపోయేంత బిగింపు. భుజాలు చెవుల దాకా వచ్చేశాయి, ఊపిరి ఆగిపోయింది. చేతిని వదులు చేసి, వాడి కత్తి లేచేటప్పుడు నిదానంగా ఊపిరి వదలడం మొదలుపెట్టాను. ఐదు నిమిషాల్లో వరసగా మూడు కాచుకున్నాను. అప్పటిదాకా రియాక్షన్ లోటు అనుకున్నదంతా బిగింపేనని తెలిసింది. బిగుసుకున్న వేలు ఏ చిన్న కదలికకైనా నొక్కేస్తుంది.

కాబట్టి ఇది సాధన చేయండి. ప్రతి ద్వంద్వం మధ్యలో మౌస్ వదిలేసి చెయ్యి దులపండి. గుండె దడగా ఉంటే తర్వాతి ద్వంద్వానికి వెళ్ళకుండా రెండు నిమిషాలు పక్కవాళ్ళ ఆట చూడండి, అదీ చదువే. 40 నిమిషాలకి ఒకసారి లేచి మంచినీళ్ళు తాగండి. మణికట్టు నొప్పి మొదలైందంటే ఆ రోజుకి ఆపేయండి, నొప్పితో ఆడితే నెలల తరబడి మౌస్ ముట్టుకోలేని స్థితికి రావొచ్చు. రాత్రి ఒంటిగంట తర్వాత ఆడిన ఆటలో కొత్తగా నేర్చుకున్నది నాకైతే ఎప్పుడూ ఏమీ లేదు.

గుంపులో ఒక్కరు

ఇక ఫ్రంట్‌లైన్‌కి, అంటే రెండు జట్లు తలపడే పెద్ద యుద్ధానికి రండి. పదులకొద్దీ మంది ఒకే మైదానంలో, బాణాలు, గుర్రాలు, అరుపులు, మధ్యలో ఎవడో వీణలాంటి లూట్ వాయిస్తూ తిరుగుతుంటాడు. అక్కడ మొదటి జాగ్రత్త మనవాళ్ళ గురించే. మీ కత్తి మనవాడికి తగిలినా దెబ్బే, కత్తి అక్కడే ఆగిపోతుంది కూడా. పక్కన మనవాళ్ళుంటే అడ్డం వేట్లు మాని పైనుంచి వేటు, పోటు వాడండి. ఇరుకు సందుల్లోనూ అంతే, అడ్డం వేటు గోడకి తగిలి మీరే బిక్కచచ్చిపోతారు.

ముగ్గురు మీద పడినప్పుడు మధ్యలో నిలబడితే అయిపోయినట్టే. పక్కకి నడవండి, ఆగకుండా ఒకే వైపు. అలా నడిస్తే ముగ్గురూ ఒకరి వెనక ఒకరు వరసగా వస్తారు, ముందువాడే వెనకవాళ్ళకి అడ్డం అవుతాడు. వాళ్ళ కత్తులు వాళ్ళకే తగులుతాయి. ముందువాడి వేటు కాచుకోండి, కానీ ఎదురువేటు వాడి మీదే వేయాలని లేదు, పక్కనుంచి దూసుకొస్తూ కాచుకునే ధ్యాసలో లేనివాడి మీద వేయండి. మీ పారీని అందరూ చూస్తుంటారు, ఎదురువేటు తన మీదికి వస్తుందని వాడు మాత్రం అనుకోడు. మొదటివాడు పడగానే స్టామినా కొంత తిరిగి వస్తుంది, దాంతో రెండోవాడికి సరిపోతుంది. మీరే ముందుగా వేటు మొదలుపెట్టొద్దు. గుంపులో మొదలుపెట్టినవాడికి ఒక్క కత్తి, కాచుకుని కొట్టేవాడికి డాలూ కత్తీ రెండూ ఉన్నట్టు.

మీరు ఆ ముగ్గురిలో ఒకరైతే దీన్ని తిరగేసి ఆలోచించండి. ఇద్దరూ ఒకేసారి వేట్లు వేస్తే వాడు ఒకే పారీతో రెండూ ఆపేస్తాడు. కాస్త వెనకా ముందూగా, ఒకరు ఎదురుగా, ఒకరు వీపు వైపునుంచి వేయండి. చూపు రెండు వైపులా ఉండదు కదా.

రోజుకి గంట ఉందనుకుంటే నేను ఇలా పంచుతాను. 10 నిమిషాలు బాట్‌తో ఒకే కోణం డ్రాగ్, యాక్సెల్. 30 నిమిషాలు డ్యుయల్, అందులో మొదటి ఐదారు ద్వంద్వాల్లో ఎదురువేటు తప్ప ఇంకే వేటూ వేయకుండా. మిగతా 20 నిమిషాలు ఫ్రంట్‌లైన్‌లో ఇష్టమొచ్చినట్టు. రెండు వారాల తర్వాత బాట్‌ని తీసేసి ఆ 10 నిమిషాలు కూడా మీకంటే బాగా ఆడే ఒక్కరితోనే, గెలుపోటములు లెక్కపెట్టకుండా.